వంతవాడి మొదటి చరణం

మిసెస్ నియెమి పియానో మెట్టు ఒకటి నొక్కి నా వైపు చూసింది. అది నాకిచ్చిన శ్రుతి. అందుకుని పాడాలి. పాట నాకు వచ్చు. ఇరవై ఎనిమిది చరణాలు, ఒక్క మాట పొల్లుపోకుండా వచ్చు. కాని నోరు తెరుచుకోలేదు.

ఆమె మళ్ళీ నొక్కింది. నేను అలాగే నిలబడి ఉన్నాను. మూడోసారి నొక్కి, చేతిలో ఉన్న జాబితాలో నా పేరు పక్కన గీత పెట్టింది.

"డేవ్, పాట మరిచిపోయారా?" దైవాశీర్వాదం అనే నా పేరు నోరు తిరగక ఇక్కడివాళ్ళు నన్ను డేవ్ అంటారు.

"లేదు."

"మరేమిటి?"

చెప్పడానికి నా దగ్గరున్న ఇంగ్లీషు చాలలేదు. తెలుగులో అడిగినా ఏం చెప్పేవాణ్ణో. టోపీ పెట్టుకుని బయటికి వచ్చాను.

చర్చి ముందు మంచులో కారు పెట్టుకుని ఆర్వో కూర్చుని ఉన్నాడు. ఆర్వో నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. రాగి గనిలో నలభై ఏళ్ళు పనిచేసినవాడు. నన్ను ఆ కోరస్‌లోకి లాక్కొచ్చింది అతనే. నేను ఎక్కి తలుపు వేసుకున్నాను.

"అయిందా?"

"కాలేదు."

రెండు వీధులు దాటాం.

"మరిచావా?"

"లేదు."

ఆస్పత్రి మలుపు దాటాం.

"మరి?"

"ముందు నువ్వు పాడలేదు."

ఆర్వో రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అయితే నన్ను మడిచి జేబులో పెట్టుకుని తిరుగు," అన్నాడు.

ఇది ఎనభై అయిదు, ఫిబ్రవరి నెల సంగతి. మిషిగన్ రాష్ట్రం పైకొసన హాంకాక్ అని ఒక ఊరుంది. గనులు మూతపడ్డాక ఫిన్లాండు నుంచి వచ్చిన పనివాళ్ళ పిల్లలూ మనవలూ అక్కడే మిగిలిపోయారు. మా అమ్మాయి దెబోరా ఆ ఊరి ఆస్పత్రిలో నర్సు. వాళ్ళమ్మ పోయాక నన్ను తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. రేపల్లె దగ్గర మాది లూథరన్ చర్చి, వీళ్ళదీ లూథరన్ చర్చే. భాష వేరైనా ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో నాకు తెలుసు. చర్చి మెట్ల మీద మంచు ఎత్తిపోసే పని అడిగి తీసుకున్నాను. ఊరికే కూర్చుని తినడం నా వల్ల కాదు.

ఫిన్లాండు వాళ్ళ పురాణ పాటలు పుస్తకంగా అచ్చై ఆ ఏటికి నూట యాభై ఏళ్ళట. ఆ పాటల్లోంచి ఒక కథ తీసి, వాళ్ళ దేశస్తుడే ఒకాయన ఎప్పుడో ఒక పెద్ద కచేరీ కట్టాడు. ఈ పండగకి ఆ ఊళ్ళో దాన్నే పాడాలనుకున్నారు. యాభై మంది వాద్యాలవాళ్ళు, నలభై మంది మగవాళ్ళ కోరస్, ఒక ఆడ గొంతు. ముగ్గురు కొడుకుల్ని సముద్రం మింగేస్తే తల్లి ఒడ్డుకొచ్చి అడుగుతుంది. గాలిని అడుగుతుంది. నీటిని అడుగుతుంది. చివరికి ఒడ్డున పడి ఉన్న రాయిని అడుగుతుంది. ప్రతిసారీ జవాబు చెప్పేది కోరస్. గాలి, నీరు తప్పించుకునే జవాబులు చెబుతాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పేది రాయి ఒక్కటే.

రాయి చరణాలు బాగా కింది గొంతులవి. అంత కిందికి దిగే మనుషులు ఆ ఊళ్ళో ఐదుగురే మిగిలారు. ఆరోవాడు కావాలి. నేను చర్చి నేలమాళిగ కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే ఆర్వో విన్నాడు. బకెట్ పక్కకు జరిపి, "ఇంకా కిందికి పోతుందా?" అని అడిగాడు. పోయి చూపించాను. ఆ ఆదివారమే నన్ను మిసెస్ నియెమి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె కాలేజీలో సంగీతం చెబుతుంది. కోరస్ నడిపేదీ ఆమే.

ఆమె షరతు ఒకటే. "రాయి మాట్లాడే ముందు వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఎవరూ శ్రుతి అందించరు, ఎవరూ సైగ చెయ్యరు. ఆరుగురూ లోపల లెక్కపెట్టుకుని ఒక్కసారి అందుకోవాలి. ఒకరి నోరు చూసి ఇంకొకరు అందుకుంటే అది ఒక రాయి కాదు, గులకరాళ్ళు దొర్లినట్టుంటుంది. అందుకని ఒక్కొక్కరూ ఒంటరిగా నా ముందు మొదలుపెట్టి, మొత్తం పాడి వినిపించాలి. శ్రుతికి పియానో మెట్టు ఒకటి నొక్కుతాను, అంతే. కాగితం ఉండకూడదు."

ఆర్వో నాకు పాట నేర్పాడు. నేలమాళిగలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకున్నాం. మోకాళ్ళు తగిలేలా కూర్చోమన్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాళ్ళ తాతల కాలంలో ఈ పాటలు అలాగే పాడేవాళ్ళట. ఒకడు చరణం పాడితే రెండోవాడు దాన్నే అందుకుని పాడతాడు. అతను పాడి, ఊపిరి తీసుకునే లోపల నేను అందుకున్నాను. ఆర్వో చేతులు వదిలేసి నన్ను చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

ఎక్కడేమిటి, ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చేసింది అదే పని. మా వైపు చర్చి పండగలకు బుర్రకథ చెప్పేవాళ్ళు. మా దళంలో కథకుడు ఏసుపాదం. తంబురా పట్టుకుని మధ్యలో నిలబడి కథ నడిపేవాడు. అటు ఒక వంత, ఇటు ఒక వంత. ఎడమ పక్క డక్కీ వాయించే వంతవాణ్ణి నేను. కథకుడు పాడిన చరణం చివర వంతవాడు అందుకోవాలి, మళ్ళీ పాడాలి, కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. అంతేగాని ముందు నోరు తెరవకూడదు. చేరిన కొత్తలో ఒకసారి ఉత్సాహం ఆగక నేను ముందే అందుకున్నాను. ఏసుపాదం జనం ముందే కథ ఆపాడు. "ఒరేయ్ దైవాశీర్వాదం, కథ నువ్వు చెబుతావా? చెప్పు, నేను పోయి టీ తాగొస్తా," అన్నాడు. జనం నవ్వారు. ఆ తర్వాత ఎప్పుడూ నేను ముందు పాడలేదు. పాటే కాదు, మాటా అంతే.

ఏసుపాదం పోయి తొమ్మిదేళ్ళయింది. కథకుడు లేకపోతే వంత ఎవరికి కావాలి? దళం విడిపోయింది. మళ్ళీ ఒక వరసలో నలుగురితో నిలబడి గొంతు విప్పుతానని నేను అనుకోలేదు. ఈ ఊళ్ళో, ఈ మంచులో ఆ చోటు కనబడింది. అది నాకు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే కాలేజీకి నడిచి వెళ్ళాను. మిసెస్ నియెమి గది తలుపు తెరిచే ఉంది. నేను గడపలో నిలబడ్డాను. ఆమె ఏదో రాసుకుంటోంది. తల ఎత్తి పలకరిస్తుందని చూశాను. ఆమె ఎత్తలేదు. గోడ మీద గడియారంలో పెద్దముల్లు చాలా దూరం నడిచింది. చివరికి ఆమే చూసింది.

"అయ్యో, ఎంతసేపయింది మీరు వచ్చి?"

"ఇంకో ఛాన్స్ కావాలి," అన్నాను.

ఆమె క్యాలెండర్ చూసింది. "పదిహేను రోజులు. మార్చి రెండో శనివారం, నాలుగు గంటలకు. అదే ఆఖరు, డేవ్. అప్పటికీ కాకపోతే ఉత్తరాన ఉన్న పట్టణం నుంచి ఒక మనిషిని రమ్మంటాను. ఆయనకు మాట ఇవ్వాలి కదా."

ఆ రాత్రి భోజనాల దగ్గర దెబోరా వదల్లేదు.

"నాన్నా, ఎందుకంత స్ట్రెస్ తీసుకుంటావు? వాళ్ళ పాట, వాళ్ళ లాంగ్వేజ్. ఫ్రంట్ రోలో సీటు బుక్ చేస్తాను, హాయిగా కూర్చుని విను."

"కూర్చోను. నిలబడతాను."

"బీపీ చూశావా నీది?"

మా అల్లుడు సుందర్ రాజ్ వంతెనకు అవతల యూనివర్సిటీ లాబ్‌లో పనిచేస్తాడు. మంచివాడే, నోరు కాస్త పదును. "మావయ్యా, ఒక మాటంటాను, కోప్పడకండి. ఈ ఇంట్లో ఆరేళ్ళ నుంచీ ఉంటున్నారు. పప్పులో ఉప్పు లేకపోయినా మీ అంతట మీరు అడగరు. ఎవరైనా 'ఉప్పు కావాలా' అంటే 'ఊ' అంటారు. మీరు స్టేజీ మీద స్టార్ట్ చేస్తారా?"

"సుందర్!" అంది దెబోరా.

నాకు కోపం రాలేదు. ఉప్పు నిజంగానే లేదు పప్పులో. అతను చెప్పింది పడుకునే దాకా ఆలోచించాను. పాట దగ్గర మాత్రమే మొదలుపెట్టాలనుకుంటే రాదు. చెయ్యి తిరగని పని రోజూ చెయ్యాలి. ఈ పదిహేను రోజులూ ఈ ఇంట్లోనూ ఈ ఊళ్ళోనూ మొదటి మాట నాదే కావాలి. ఎవరు ఎదురుపడినా సరే.

పొద్దున దెబోరా నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చింది. తలుపు తీసి, బూట్ల మంచు దులుపుకుంటోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"వచ్చావా అమ్మా? కాఫీ పెడతా."

దాని చేతిలో తాళాలు కిందపడ్డాయి. "నాన్నా! చెస్ట్ పెయినా? ఎడమ చెయ్యి లాగుతోందా?" అని నా మణికట్టు పట్టుకుని నాడి చూడటం మొదలుపెట్టింది. ఏమీ లేదంటే నమ్మదు. కాఫీ తాగిందాకా నా ముఖమే చూస్తూ కూర్చుంది.

పోస్టాఫీసులో కిటికీ దగ్గర ఉండే ఆమెకు గుడ్ మార్నింగ్ నేనే ముందు చెప్పాను. ఆమె వెంటనే వాతావరణం గురించి మొదలెట్టి చాలాసేపు మాట్లాడింది. మూడోరోజు మంగలి షాపు దగ్గర ఓడిపోయాను. తలుపు తీశాను, అతను "రండి" అన్నాడు, నా మాట గొంతులోనే ఉండిపోయింది. బయటికి వచ్చేసి, వీధి చివర దాకా నడిచి, తిరిగి వచ్చి, తలుపు తీస్తూనే "హలో" అని గట్టిగా అన్నాను. అతను కత్తెర పట్టుకుని కొయ్యబారిపోయాడు.

ఒక సాయంత్రం ఫోను తీసి ఆర్వోకి చేశాను. ఫోను తియ్యగానే హలో అంటారు కదా ఎవరైనా. ఆర్వో అనలేదు. ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊరుకున్నాడు. అతని ఊపిరి వినబడుతోంది. నాదీ అతనికి వినబడుతూ ఉండాలి. అలా చాలాసేపు ఉన్నాం.

"నేను, దైవాశీర్వాదాన్ని," అన్నాను చివరికి.

"తెలుసు," అన్నాడు ఆర్వో. "ఇంకెవరు మాట్లాడకుండా ఫోన్ చేస్తారు?"

మాటలు కొంచెం వస్తున్నాయి. పాట మాత్రం రాలేదు. నేలమాళిగలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఈసారి నేను మొదలుపెట్టాలి, అతను అందుకోవాలి. ఆర్వో నోరు బిగించుకుని నా వెనక గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను చేతులు పట్టుకుని కూర్చున్నాను. పాట మొత్తం తలలో తిరుగుతోంది. గొంతులోకి దిగటం లేదు. పాస్టరుగారి భార్య ఏదో పని మీద కిందికి వచ్చింది. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉండటం చూసింది. పిల్లిలా వెనక్కి నడిచి తలుపు వేసుకుంది.

"మన కోసం ప్రార్థన చేస్తుంది ఇప్పుడు," అన్నాడు ఆర్వో.

ఇంటికొచ్చి నోటు పుస్తకం తీశాను. మిషన్ బడిలో మూడో తరగతి దాకా నేర్చుకున్న గుణింతంతో ఆ పాటంతా తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. వాళ్ళ మాటలకూ దీర్ఘాలూ ఒత్తులూ ఉన్నాయి, రాయడం కష్టం కాలేదు. చదువుతూ కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చూసింది ఏసుపాదం నోటిని కాదు, ఛాతీని. అతని ఛాతీ పొంగి, చరణం నడిచి, ఛాతీ తగ్గే చోట నేను అందుకునేవాణ్ణి. ఆర్వోతోనూ అంతే చేశాను. నాకు తెలియకుండానే నేను ఎదుటివాడి ఊపిరి అరువు తెచ్చుకుని పాడుతున్నాను. మొదలుపెట్టే మనిషికి ముందు తన ఊపిరి తనకు కావాలి.

మర్నాటి నుంచి చర్చి మెట్ల మీద మంచు ఎత్తేటప్పుడు అదొక్కటే చేశాను. పార దించేటప్పుడు ఊపిరి తీసుకోవడం, ఎత్తేటప్పుడు మొదటి చరణంలో మొదటి అక్షరం. అంతే. రెండో అక్షరం జోలికి పోలేదు. మొదటి రోజు ఊపిరే వచ్చింది, అక్షరం రాలేదు. తర్వాతి రోజు దగ్గు వచ్చింది. ఆ తర్వాతి రోజు ఏదో ఒక చప్పుడు వచ్చింది. దారిన పోయే ఒకాయన ఆగి "నడుం పట్టేసిందా?" అని అడిగాడు. లేదని చెప్పి మళ్ళీ పార దించాను. చేతులకు బొబ్బలు లేచాయి. ఆ వారం ఆ ఊళ్ళో ఏ మెట్ల మీదా అంత శుభ్రంగా మంచు తియ్యలేదు.

శనివారం నాలుగింటికి చర్చిలో మిసెస్ నియెమి పియానో దగ్గర కూర్చుని ఉంది. నేను లోపలికి అడుగు పెడుతూనే "గుడ్ ఆఫ్టర్నూన్" అన్నాను. ఆమె ఆశ్చర్యపోయి చూసింది.

"డేవ్, ఆర్వో నాతో మాట్లాడాడు," అంది. "మీ ఊరి పాట పద్ధతి చెప్పాడు. మీరు రెండోవాడుగా పాడేవారట కదా. నాకు ఆ సంగతి తెలియక పోయిన్సారి గీత పెట్టేశాను. ఒక పని చేద్దాం. మొదటి చరణం నేను పాడతాను, మీరు అందుకోండి. మిగతాదంతా మీరే పాడండి. అది చాలు నాకు."

ఆమె మనసారా అంటోంది. ఆమె ఊపిరి తీసుకుంది కూడా. ఛాతీ పొంగడం నాకు కనబడింది. నా ఒళ్ళంతా అటు వాలింది. ఇంకొక్క క్షణం ఆగితే చాలు, ఆమె పాడుతుంది, నేను అందుకుంటాను, పని అయిపోతుంది. కచేరీ రోజు మాత్రం ఆమె పాడదు. అప్పుడు నేను పక్కవాడి ఛాతీ వైపు చూస్తాను. ఐదుగురు మొదలెట్టాక ఆరో గులకరాయిలా దొర్లుతాను.

"వద్దు," అన్నాను.

ఆమె ఊపిరి బిగబట్టి ఆగిపోయింది.

"మీరు పాడొద్దు. పియానో కూడా వద్దు. నేనే."

కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను, ఎవరి ముఖమూ కనబడకుండా. బయట సరస్సు గడ్డకట్టి తెల్లగా ఉంది. ఊపిరి తీసుకున్నాను. చేతిలో పార లేదు. లేనిది దించినట్టు భుజాలు దించాను. మొదటి అక్షరం వచ్చింది. వచ్చాక ఇంక ఆగలేదు. రెండో చరణం, మూడోది, తల్లికి కొడుకుల సంగతి రాయి చెప్పే చోటు, అక్కడ గొంతు కాస్త జీరపోయింది, అయినా పాట ఆపలేదు. ఇరవై ఎనిమిదీ అయిపోయాయి.

వెనక మిసెస్ నియెమి ఒక మెట్టు నొక్కింది. అది కాదని ఇంకోటి నొక్కింది, ఇంకా కిందిది. అక్కడ నా శ్రుతి దొరికింది.

"రాసి ఉన్నదానికన్నా చాలా కింద పాడారు," అంది. "ఇంత కిందికి నా దగ్గర ఇంకెవరూ దిగలేరు, కాబట్టి మీరే పైకి రావాలి. మాటలు మాత్రం, ఇక్కడ పుట్టిన మావాళ్ళే అంత తేటగా పలకరు." జాబితా తీసి గీత కొట్టేసింది. "సోమవారం ఏడు గంటలకు, వాద్యాలవాళ్ళతో కలిపి. ఆలస్యం చెయ్యకండి."

సోమవారం నన్ను వెనక వరసలో ఎడమ చివర, ఆర్వో పక్కన నిలబెట్టారు. కాలేజీ హాల్లో వాద్యాలు అంత దగ్గరగా వినడం నాకు అదే మొదలు. నేల అదిరింది. కాళ్ళలోంచి పాకింది ఆ చప్పుడు. గాలి జవాబు అయింది, నీటి జవాబు అయింది. తల్లి పాట పాడే అమ్మాయి రాయిని అడిగింది. అడిగి ఆగింది. వాద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఎనిమిది లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు. ఆర్వో ఛాతీ నా కుడి పక్కనే ఉంది. నేను ఎదురుగా గోడ మీద ఉన్న ఎర్ర దీపం వైపు చూశాను. ఆరు, ఏడు. ఊపిరి తీసుకున్నాను. మొదలుపెట్టాను.

ఎదురుగా స్టాండు మీద కర్ర టకటకమని మోగింది. మిసెస్ నియెమి అందరినీ ఆపింది.

"ఎవరో ముందే అందుకున్నారు. అర లెక్క ముందు. ఎవరది?"

ఆర్వో బూట్ల వైపు చూసుకుంటున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఆర్వో నవ్వడం నేను మొదటిసారి చూశాను.

"నేను," అన్నాను.

"తొందరెందుకు డేవ్? రాయి ఎక్కడికీ పారిపోదు," అంది. హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కర్ర ఎత్తింది. "ఆ అమ్మాయి ప్రశ్న దగ్గర్నుంచి, మళ్ళీ."

అమ్మాయి మళ్ళీ అడిగింది. వాద్యాలు మళ్ళీ ఆగాయి. ఈసారి ఎనిమిదీ పూర్తిగా లెక్కపెట్టాను.